గల్ఫ్ ఫోనుకి వారంటీ ఎక్కడ?

కొన్నది అక్కడ... చెడింది ఇక్కడ! మరి బాగుచేసి ఇవ్వాల్సిందెవరు?

'మా అన్న దుబాయ్ నుంచి పంపాడు...'

ఆ మాట చెప్పేటప్పుడు చెల్లెలి ముఖంలో వెలుగు చూడాలి! పెట్టె ఇంకా వాసన కూడా పోలేదు. మీదున్న పల్చటి పొర తీయడానికి మనసొప్పదు. పక్కింటివాళ్లు చూడాలి, వదినమ్మ చూడాలి, ఆ తర్వాతే అది మామూలు ఫోనవుతుంది.

హైదరాబాద్ పాతబస్తీలో, చాంద్రాయణగుట్ట దాటాక వచ్చే బార్కస్‌లో ఇలాంటి మురిపెం కొత్తదేం కాదు. ఒకప్పుడు నిజాముల సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి అరబ్బులు వచ్చారు. వాళ్లుండే బ్యారక్స్ జనం నోట్లో నలిగి నలిగి బార్కస్ అయింది. 1948లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిశాక ఆ కొలువులు పోయాయి. 1970ల్లో గల్ఫ్ దేశాల్లో చమురు డబ్బు పొంగి, పనివాళ్ల అవసరం పెరిగింది. తాతలు వచ్చిన దిక్కుకే మనవలు బతుకుదెరువు కోసం బయల్దేరారు. అప్పట్నుంచీ అక్కడి వస్తువులు ఈ వీధులకి వస్తూనే ఉన్నాయి. మొదట్లో టేప్‌రికార్డర్లూ అత్తర్లూ. ఇప్పుడు స్మార్ట్‌ఫోన్లు.

టేప్‌రికార్డర్ పాడైతే సందు చివర మెకానిక్ విప్పి చూసేవాడు. స్మార్ట్‌ఫోను అలా కాదే! అది పాడైతే కస్టమర్ కేరూ, టోకెన్లూ, జాబ్ షీట్లూ... అదో పెద్ద ప్రయాణం. ఆ ప్రయాణం ఎలా ఉంటుందో తెలియాలంటే, బార్కస్‌లో ఒక ఇల్లు ఉందనుకుందాం. ఆ ఇంట్లో రెండు ఫోన్లు. ఒకటి అన్న దుబాయ్ నుంచి చెల్లెలికి పంపింది. రెండోది తమ్ముడు ఆబిడ్స్‌లో కొనుక్కున్నది. ఖర్మకొద్దీ రెండూ నాలుగు నెలలకే మొరాయించాయి!

'ఇది ఇక్కడి పీస్ కాదమ్మా!'

చెల్లెలి ఫోను తెరమీద నిలువునా ఒక ఆకుపచ్చ గీత. కింద పడలేదు, నీళ్లు తగల్లేదు. వారంటీ ఏడాది ఉందని అన్న చెప్పాడు కదా అన్న ధీమాతో అమ్మీని వెంటబెట్టుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్లింది. టోకెన్ తీసుకుంది. గంటన్నర కూర్చుంది. కౌంటర్‌లో అబ్బాయి ఫోను నంబరు కంప్యూటర్‌లో కొట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు.

''ఇది ఇక్కడి పీస్ కాదమ్మా. వారంటీ రాదు. స్క్రీన్ మార్చాలంటే డబ్బులు కట్టాలి.''

''అదే కంపెనీ కదా బాబూ!'' అని అమ్మీ అడిగింది. 

ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ వారంటీ కాగితంలో చిన్న అక్షరాల్లో ఇంకో మాట కూడా ఉంటుంది. చాలా ఫోన్ కంపెనీల వారంటీ ఏ దేశంలో అమ్మారో ఆ దేశానికో, ఆ చుట్టుపక్కల ప్రాంతానికో పరిమితం. పేరు ఒకటే అయినా దుబాయ్‌లో అమ్మే సంస్థ వేరు, ఇక్కడ అమ్మే సంస్థ వేరు. అక్కడివాళ్లు ఇచ్చిన మాటకి ఇక్కడివాళ్లు బాధ్యత తీసుకోరు. కొన్ని కంపెనీలు కొన్ని మోడళ్లకి అంతర్జాతీయ వారంటీ ఇస్తాయి. అప్పుడు కూడా 'ఇక్కడ అమ్మని మోడల్ కాబట్టి విడిభాగాలు లేవు' అనే మాట వినాల్సి రావచ్చు.

కాబట్టి అన్న దుకాణంలో నిలబడి అడగాల్సిన ప్రశ్న 'వారంటీ ఎన్నాళ్లు?' అని కాదు. 'వారంటీ ఇండియాలో చెల్లుతుందా?' అని. చెల్లుతుందంటే... 'ఎక్కడ రాసుందో చూపించండి' అని!

పెట్టె తిప్పి చూడండి

'మేం గల్ఫ్ నుంచి తెప్పించుకోం కదా, మాకెందుకీ గొడవ' అనుకుంటున్నారా? ఆగండి. వేరే దేశంలో అమ్మడానికి తయారైన ఫోన్లు ఇక్కడి దుకాణాల్లోనూ దొరుకుతుంటాయి. 'బిల్లు వద్దంటే రెండు మూడు వేలు తగ్గిస్తా' అన్న మాట వెనకాల ఒక్కోసారి ఈ సంగతే ఉంటుంది.

గుర్తుపట్టడం కష్టమేం కాదు. మనదేశంలో అమ్మే ఫోను పెట్టెమీద రూపాయల్లో గరిష్ఠ చిల్లర ధర, తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలి. అవి లేవంటే అనుమానించాల్సిందే. ఇక ప్రతి ఫోనుకీ ఐఎంఈఐ అని 15 అంకెల నంబరు ఉంటుంది. రెండు సిమ్‌ల ఫోనుకి రెండు నంబర్లు. డయల్ చేసేచోట *#06# కొడితే అది తెరమీద కనిపిస్తుంది. ఫోనులో కనిపించేదీ, పెట్టెమీద ఉన్నదీ, బిల్లులో రాసిందీ... మూడూ ఒకటే కావాలి. టెలికాం శాఖ 2023లో తెచ్చిన సంచార్ సాథీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే ఫోను అసలుదో కాదో కూడా తెలుస్తుంది.

మొబైల్ ఫోన్ల మీద జీఎస్టీ 2020 ఏప్రిల్ 1 నుంచి 18 శాతం. దాన్ని ఎగ్గొట్టి తగ్గించి ఇస్తానంటే లాభం అనిపిస్తుంది. కానీ ఆ బిల్లుతోపాటే వారంటీ అడిగే హక్కుకి రుజువు కూడా పోతుంది. కొన్న వస్తువుకి బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. అడగడానికి మొహమాటపడాల్సిన పనే లేదు.

తమ్ముడి ఫోను కథ వేరు

తమ్ముడు ఇంటింటికీ భోజనం పార్సిళ్లు అందించే ఉద్యోగి. ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో ఫోను కొన్నాడు. బిల్లు తీసుకున్నాడు. కిస్తీలు ఇంకా కడుతున్నాడు. ఫోను మాత్రం దానంతటదే ఆగిపోయి, మళ్లీ వెలుగుతోంది. ఆర్డర్ చేతిలో ఉన్నప్పుడు ఆగిపోయిందంటే ఆ రోజు కూలిలో కోత పడినట్టే!

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాడు. పెళ్లిచూపుల్లో బుద్ధిగా కూర్చునే అల్లరి పిల్లాడిలా, అక్కడ ఫోను ఒక్కసారీ ఆగలేదు! 'సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం, సరిపోతుంది' అని పంపేశారు. మర్నాడు మళ్లీ మొదలు. మళ్లీ వెళ్తే మళ్లీ అదే మాట.

ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. రెండుసార్లు తిరిగి, మూడోసారి 'పోనీలే' అనేస్తారు. అలా అనకుండా ఉండాలంటే మొదటి రోజు నుంచే కొన్ని పనులు చేయాలి.

* లోపం వచ్చినప్పుడు ఇంట్లో ఇంకో ఫోనుతో వీడియో తీయండి. అందులో *#06# కొట్టి ఐఎంఈఐ కూడా చూపిస్తే 'ఇది ఆ ఫోను కాదు' అనే అవకాశం ఉండదు.

* ఇచ్చేముందు ఫొటోలూ నంబర్లూ వేరేచోట దాచుకోండి. సిమ్, మెమరీ కార్డ్ తీసేయండి. ఫోనుని అన్ని వైపులా ఫొటో తీసుకోండి. ఆ తర్వాత 'గీత మీరే పెట్టారు' అంటే చూపించడానికి పనికొస్తాయి.

* జాబ్ షీట్ లేకుండా ఫోను ఇవ్వొద్దు. అందులో తేదీ, ఐఎంఈఐ, మీరు చెప్పిన లోపం మీ మాటల్లోనే ఉండాలి. 'చెకింగ్' అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. 'దానంతటదే ఆగిపోతోంది, రోజుకి నాలుగైదు సార్లు' అని రాయమనండి.

* ప్రతిసారీ కొత్త జాబ్ షీట్ తీసుకోండి. ఫోను తిరిగిచ్చేటప్పుడు ఏం బాగుచేశారో రాసిన కాగితం కూడా. ఒకే లోపానికి మూడు జాబ్ షీట్లు ఉన్నాయంటే... అది మీరు చెప్పే ఫిర్యాదు కాదు, వాళ్లే రాసిచ్చిన సాక్ష్యం!

మార్చి ఇస్తారా, బాగుచేస్తారా?

'పాడైంది, కొత్తది ఇవ్వండి' అని అందరూ అడుగుతారు. వారంటీ కాగితంలో మాత్రం సాధారణంగా 'బాగుచేస్తాం లేదా మార్చి ఇస్తాం... ఏది చేయాలన్నది మా నిర్ణయం' అని ఉంటుంది. అందుకే ముందు బాగుచేయడానికే చూస్తారు.

కొత్త ఫోను వచ్చే అవకాశం ఎక్కువగా ఉండేది మొదటి రోజుల్లో. ఆన్‌లైన్‌లో కొంటే చాలాచోట్ల వారం, పది రోజుల్లోపు మార్చుకునే వీలుంటుంది. ఒక్కోచోట లోపం నిజమేనని సర్వీస్ సెంటర్ నుంచి కాగితం తెమ్మంటారు. పెట్టె విప్పిన రోజే అన్నీ పరీక్షించుకోవాలనేది అందుకే. కెమెరా, స్పీకర్, మైకు, రెండు సిమ్‌లు, ఛార్జింగ్... పండక్కి వాడదామని బీరువాలో పెట్టారో, ఆ గడువు కాస్తా బీరువాలోనే అయిపోతుంది!

తర్వాతి రోజుల్లో, బాగుచేసినా అదే లోపం తిరగబెడుతుంటే మార్చి ఇవ్వమని గట్టిగా అడగొచ్చు. మార్చి ఇచ్చినప్పుడు కొత్త ఐఎంఈఐ నంబరు కాగితం మీద రాయించుకోవడం మరవొద్దు. లేకపోతే మీ బిల్లులో ఒక నంబరు, చేతిలో ఫోనుకి ఇంకో నంబరు. రేపు మళ్లీ వెళ్తే మొదటికొస్తుంది.

'కింద పడింది', 'తేమ తగిలింది' అన్నవి వారంటీ కాదనడానికి ఎక్కువగా వినిపించే కారణాలు. చాలా ఫోన్ల లోపల నీరు తగిలితే రంగు మారే చిన్న స్టిక్కర్ ఉంటుంది. అది రంగు మారిందంటే చూపించమనండి, ఫొటో తీసుకోండి. అంచున చిన్న గీత ఉందని కాదంటే, ఆ గీతకీ ఈ లోపానికీ సంబంధం ఏమిటో రాసివ్వమనండి. నోటితో 'రాదు' అనడం సులువు. సంతకం పెట్టి 'రాదు' అని రాయాలంటే ఎవరైనా ఒకసారి ఆలోచిస్తారు.

కోట్ల బ్యాటరీలు మార్చారు!

అసలు కంపెనీలు మార్చి ఇస్తాయా అన్న అనుమానం ఉంటే కాస్త వెనక్కి వెళ్దాం. 2007 ఆగస్టులో నోకియా ఒక ప్రకటన చేసింది. 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు దాకా మత్సుషితా కంపెనీ తయారుచేసిన బీఎల్-5సీ బ్యాటరీల్లో కొన్ని ఛార్జింగ్ పెట్టినప్పుడు విపరీతంగా వేడెక్కవచ్చనీ, కావాలన్నవాళ్లకి ఉచితంగా మారుస్తామనీ చెప్పింది. అలాంటివి 4 కోట్ల 60 లక్షలు! మనదేశంలో అప్పట్లో ఎవరి చేతిలో చూసినా నోకియానే. జనం ఫోను వెనక మూత తీసి, బ్యాటరీ మీద నంబరు చదువుకుని, కేర్ సెంటర్లకి పరుగులు తీశారు.

2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7కి మంటలు అంటుకుంటున్నాయని తెలిసి, ప్రపంచవ్యాప్తంగా అమ్మినవాటిని వెనక్కి తీసుకున్నారు. మార్చి ఇచ్చినవి కూడా కాలడంతో అక్టోబరులో ఆ మోడల్‌నే ఆపేశారు. ఈమధ్య తెరమీద ఆకుపచ్చ గీతల ఫిర్యాదులు ఎక్కువైనప్పుడు, కొన్ని కంపెనీలు ఎంపిక చేసిన మోడళ్లకి వారంటీ దాటాక కూడా ఉచితంగా స్క్రీన్ మార్చాయి.

ఇన్నింటిలోనూ ఒక సంగతి ఉంది. ఒక్కరు చెప్తే 'మీరే పాడుచేశారు' అంటారు. వందమంది రాతపూర్వకంగా చెప్తే 'మోడల్‌లోనే లోపం' అని తేలుతుంది. మీ ఒక్క ఫిర్యాదు మీ ఒక్కరికోసమే కాదు.

ఆ నంబరు అసలుదేనా?

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేద్దామని ఇంటర్నెట్‌లో నంబరు వెతుకుతున్నారా? జాగ్రత్త! మోసగాళ్లు కంపెనీల పేరుతో దొంగ నంబర్లు పెట్టి కాచుకుని ఉంటారు. 'రిజిస్ట్రేషన్‌కి పది రూపాయలు కట్టండి' అని లింకు పంపుతారు. 'ఈ యాప్ వేసుకోండి' అని మీ తెరమొత్తం వాళ్లు చూస్తారు. ఫోను బాగుచేయించబోయి బ్యాంకు ఖాతా ఖాళీ!

నంబరు కోసం పెట్టెమీదో, వారంటీ కార్డులోనో, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోనో చూడండి. ఓటీపీ, కార్డు వివరాలు అడిగితే అది కస్టమర్ కేర్ కాదు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

అసలు నంబరుతో మాట్లాడినా, మాటలతో సరిపెట్టొద్దు. ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. అదే విషయం ఈ-మెయిల్‌లో పంపండి. ఎప్పుడు కొన్నారు, ఎన్నిసార్లు ఇచ్చారు, జాబ్ షీట్ల నంబర్లేమిటి, ఏం కావాలి... అంతే. తిట్లు వద్దు, తేదీలు చాలు. ఆన్‌లైన్‌లో కొన్నట్లయితే ఆ సంస్థకి ఫిర్యాదుల అధికారి ఉండాలని 2020 ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి. నెలలోపు పరిష్కరించాలి.

1915కి ఒక ఫోన్

మన తమ్ముడు మెయిల్ పెట్టాడు. జవాబు లేదు. అప్పుడు?

కేంద్ర ప్రభుత్వం నడిపే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. తెలుగులోనూ మాట్లాడొచ్చు, హిందీలోనూ మాట్లాడొచ్చు. వెయ్యికి పైగా కంపెనీలు ఈ హెల్ప్‌లైన్‌తో అనుసంధానమై ఉన్నాయి. ఫిర్యాదు నేరుగా కంపెనీలో సంబంధిత విభాగానికి వెళ్తుంది. ఇది కోర్టు కాదు, శిక్ష వేయదు. కానీ అంతదాకా పట్టించుకోని ఫిర్యాదుకి ఇక్కడినుంచి కదలిక రావచ్చు.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కోర్టు అనగానే భయపడొద్దు. 2020 జులై నుంచి అమల్లోకొచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం-2019 చాలా సులువు చేసింది. మీరు ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే. 5 లక్షల రూపాయల వరకూ విలువైన వస్తువులకి రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. 2025 జనవరిలో మొదలైన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లోంచే దాఖలు చేయొచ్చు. గొడవ మొదలైన రెండేళ్లలోపు మాత్రం వేయాలి.

కమిషన్ ఏం ఇప్పించగలదు? లోపం సరిచేయమనవచ్చు. కొత్త ఫోను ఇవ్వమనవచ్చు. కట్టిన డబ్బు వడ్డీతో వెనక్కిమ్మనవచ్చు. పరిహారం, ఖర్చులు కూడా. మామూలు కేసులు మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటోంది. ఆచరణలో ఎక్కువే పడుతుంటుంది. అందుకే ఇది చివరి మెట్టు.

'ఫోనుతో సంపాదిస్తున్నావు, నువ్వు వినియోగదారుడివి కాదు' అని తమ్ముడిని ఎవరైనా అంటే? స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొన్నది వ్యాపారం కిందికి రాదని అదే చట్టం చెబుతోంది. ఇంకో మంచి మాట కూడా ఉంది. కొన్నవాళ్లే కాదు, వాళ్ల అనుమతితో వాడుతున్నవాళ్లు కూడా వినియోగదారులే! భర్త కొన్న ఫోను భార్య వాడుతున్నా, కొడుకు కొన్నది తల్లి వాడుతున్నా... అడిగే హక్కు వాడేవాళ్లకీ ఉంది.

వెళ్లేవాళ్ల చేతికి...

మరి చెల్లెలి ఫోను సంగతో?

ఆమె వారంటీ పోలేదు. దుబాయ్‌లో ఉంది! యూఏఈలోనూ 2020లో వినియోగదారుల రక్షణ చట్టం చేశారు. అక్కడ కొన్న వస్తువుకి అక్కడ అడిగే దారి ఉంది. కాకపోతే ఫోను అక్కడికి చేరాలి. సెలవులకి వచ్చి తిరిగి వెళ్లే చుట్టమో, పొరుగింటివాళ్లో ఉంటే వాళ్ల చేతికి ఇవ్వొచ్చు. ఖాతా లాక్ తీసేసి, సమాచారం చెరిపేసి, బిల్లు జతచేసి పంపాలి. చెక్-ఇన్ సామానులో కాకుండా చేతి సంచిలో పెట్టుకోమనాలి. అయితే బ్యాటరీ ఉబ్బినా, ఫోను వేడెక్కి కాలే వాసన వస్తున్నా విమానంలో పంపనే కూడదు. అది ఒక్కరి ఫోను సమస్య కాదు, విమానంలో ఉన్నవాళ్లందరి ప్రాణాల సమస్య.

ఈలోగా ఆ ఇంటి కష్టం ఏమిటంటారా? స్క్రీన్ ధర కాదు. యూఏఈలో వాట్సాప్ కాల్స్ మీద ఆంక్షలుండటంతో చాలామంది బోటిమ్ లాంటి యాప్‌లలో ఇంటికి మాట్లాడుతుంటారు. అన్న డ్యూటీ దిగాక పది నిమిషాలు అమ్మీ ముఖం చూసుకునేది ఆ తెరమీదే. ఇప్పుడు ఆ ముఖం మధ్యలోంచి ఆకుపచ్చ గీత!

అందుకే ఈసారి గల్ఫ్ నుంచి 'ఏం తేవాలి?' అని ఫోన్ వస్తే, మోడల్ పేరుతోపాటు ఇంకో మాట చెప్పండి. 'ఇండియాలో వారంటీ ఉంటేనే తీసుకో భాయీజాన్. లేకపోతే ఆ డబ్బు పంపు, ఇక్కడే బిల్లు తీసుకుని కొనుక్కుంటాం.'

కానుకకి బిల్లు అడగడం బాగుండదంటారా? అన్న కూడబెట్టిన జీతం నాలుగు నెలలకే మూలపడటం అంతకన్నా బాగుండదు. ఫోనుతోపాటు బిల్లు ఫొటో కూడా పంపమనండి. ఆ కాగితాన్ని పాస్‌పోర్ట్ దాచే చోటే దాచండి!